తలకెక్కిన కొవ్వు

"తలకెక్కిందే నీకు కొవ్వు!" అనేవారు
మా లెక్కల మాస్టారు, డస్టరు విసిరేముందు.
ఆ తిట్టులో అబద్ధం లేదని
ఇరవై ఏళ్ళ తర్వాత
గుంటూరు కాలేజీ ల్యాబులో
గాజుగొట్టాలు కడుగుతూ తెలుసుకున్నాను.
తడి ఆరిపోయాక
మెదడులో సగానికి పైగా మిగిలేది కొవ్వే.
అందరికీ ఎక్కిందే.
ఎవరికి ఏ కొవ్వు అన్నదే తేడా.

గుంటూరు పాసింజరు కోసం
తెల్లారుజామున బెజవాడ స్టేషను మెట్లు దిగుతానా,
ప్లాట్‌ఫాం నిండా రెండు వరసల నిద్ర.
పాదాలకి ఎదురు పాదాలు,
తలలు మాత్రం బయటికి.
కణం చుట్టూ ఉండే పొర అచ్చం ఇదే.
తలలు నీళ్ళవైపు, తోకలు లోపలికి.
గోడ అని రాసుకున్నాం నోట్సులో.
గోడేమిటి,
నిద్దట్లో పక్కకి ఒత్తిగిల్లే జనం!

అందరూ కాళ్ళు బారజాపి
ఒకరినొకరు ఒరుసుకు పడుకుంటే
చీమ దూరదు.
డాల్డా తోకలు అలాంటివి,
తిన్ననివి, మహా క్రమశిక్షణ.
ఎవడో ఒకడు నిద్దట్లో మోకాలు ముడుస్తాడు.
ఆ మోకాలి పక్కన జానెడు సందు.
టీ కుర్రాడు కెటిలు పైకెత్తి
ఎవర్నీ తొక్కకుండా
ఆ సందులోంచే ఇవతలికొస్తాడు.
వాడి చేతిలో వేడి చల్లారకముందే
ఎవరికో మెలకువ.

పై వంతెన కింద నాంచారమ్మ గంప దించుతుంది.
నాగాయలంకలో ఎక్కిన ఐసు
ఇక్కడికొచ్చేసరికి సగం నీళ్ళు.
"నూనె కవళ్ళమ్మా, ముళ్ళెక్కువే,
ముళ్ళు లేనిదానికి రుచెక్కడిది?"
ఆమెకి తెలీదు
తన గంపలో ఉన్న తోక ఒకటి
ఇరవై రెండు కర్బనాల పొడవని,
ఆరుచోట్ల వంపు తిరిగి ఉందని,
చలికి గడ్డకట్టనని మొండికేస్తుందని.
చేప సొంతమూ కాదది.
నాచు దగ్గర పురుగు అప్పు,
పురుగు దగ్గర చేప అప్పు,
చేప దగ్గర మనం.

పుష్యమాసంలో
యేసుపాదం బజ్జీల బండి కింద
పామాయిల్ డబ్బా తెల్లగా పేరుకుంటుంది.
వన్‌టౌన్‌లో ఆయనకి కాగితం అక్కర్లేదు.
నలభై మంది ఒకేసారి అరిచినా
ఎవరికి ఎన్ని, ఎవరికి నిమ్మకాయ,
అన్నీ బుర్రలోనే.
నాకు రెండు, ఉల్లిపాయ లేకుండా.
పన్నెండేళ్ళుగా అడగలేదు, చెప్పలేదు.

ఈ ఏడు నా పొట్లంలో ఉల్లిపాయ.
మర్నాడూ ఉల్లిపాయ.
మూడోనాడు,
"కొత్తగా వచ్చావామ్మా ఈ వీధికి?"

నోటిదాకా వచ్చింది, చేపలు తిను బాబాయ్ అని.
మింగేశాను.
నేను చదివిన పేపర్లలో కొన్ని అవునంటాయి,
కొన్ని ఏమోనంటాయి,
పోయినదాన్ని తెస్తానని
ఒక్కటీ చేతిలో చెయ్యి వెయ్యలేదు.
వేలమంది సగటు తెలుసు నాకు,
యేసుపాదం సంగతి తెలీదు.

అయినా ఆదివారం కవళ్ళ పులుసు పెట్టి
క్యారేజీ పట్టుకెళ్ళాను.
బండి వెనక బల్ల మీద
కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు.
ఆయన వేళ్ళు ముల్లు తర్వాత ముల్లు
చూడకుండానే తీసి పక్కన పెడుతున్నాయి.
చేతులు ఏదీ మర్చిపోలేదు.
"ఎవరు వండారమ్మా?"
"నేనే."
కాసేపాగి, "ఎవరు వండారూ?"
"నేనే బాబాయ్."
పులుసు జుర్రుకున్న చప్పుడు.

అప్పుడు, నేను నిలబడి ఉన్నానని కాబోలు,
మోకాలు ముడిచాడు.
బల్ల మీద జానెడు చోటు.
కూర్చున్నాను.
వేడివేడిగా రెండు బజ్జీలు చేతిలో పెట్టాడు.
ఉల్లిపాయతోనే తిన్నాను.